చెరిసగం పంచిన మాత్రలు

ఇప్పుడు నేను ఇంటి దగ్గర నుంచి రేవు దాకా మధ్యలో ఎక్కడా కూలబడకుండా నడవగలుగుతున్నాను. చూసినవాళ్ళంతా "నీకేంలే రవణమ్మా, గండం గడిచింది, దేవుడు చల్లగా చూసినాడు" అంటున్నారు. తల ఊపి వచ్చేస్తాను. గడిచిన మాట నిజమే. ఎట్లా గడిచిందో తెలిస్తే మళ్ళీ దేవుడి పేరు ఎత్తరు. పదో తరగతి దాకా చదివాను కాబట్టి, నాలుగు ముక్కలు రాయడం చేతనవును కాబట్టి ఇది రాస్తున్నాను. గుండె జబ్బు చొరబడిన ఇల్లు ఏదైనా ఉంటే, అందులోనూ ఇద్దరికి వచ్చి ఉంటే, వాళ్ళకు పనికొస్తుంది. నాకైతే లోపలిదంతా కక్కేస్తే తప్ప మనసు నిలిచేట్టు లేదు.

మాది కృష్ణపట్నానికి కాస్త దిగువన సముద్రం ఒడ్డు పాలెం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, మనుషుల పేర్లు కూడా మార్చాను. నా పెనిమిటిని శీనయ్య అనుకోండి. సముద్రం మీద చేపల వేటకు పోతాడు. ఆయన అక్క బుజ్జమ్మ, నాకు వదిన. మొగుడు పోయినప్పటి నుంచి మా పక్కింట్లోనే ఉండేది. రెండిళ్ళకూ ముంగిలి ఒకటే. తల్లి చిన్నప్పుడే పోతే శీనయ్యను చంకనేసుకుని సాకింది ఆమే. నాకూ వదినకూ ఎండు చేపల వ్యాపారం.

రేవులో పడవలు వచ్చాక చేపల్ని కుప్పలు పోసి వేలం పాట పెడతారు. మేం చెరొక కుప్ప పాడుకునేవాళ్ళం. పైన కనబడేవి చూసి పాడడమే, అడుగున ఏముందో ఎవరికీ తెలియదు. ఒకరికి అడుగు దాకా గట్టి నెత్తళ్ళు పడితే ఇంకొకరికి మెత్తబడిపోయినవి పడతాయి. అందుకని మా పాలెంలో జతగా వ్యాపారం చేసే ఆడవాళ్ళు రెండు కుప్పల్నీ ఒకే పట్ట మీద పోసి, బాగా కలిపి, మళ్ళీ రెండు చేస్తారు. ఒకరు పంచుతారు, రెండోవాళ్ళు తమకు నచ్చిన సగం ముందు తీసుకుంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే వదిన నాకు ఈ పద్ధతి నేర్పింది. మంచైనా చెడైనా ఇద్దరికీ ఒకటే, ఒకరి మీద ఒకరు ముఖం మాడ్చుకోవాల్సిన పని లేదు. ఇదంతా ఇంత విడమరిచి ఎందుకు చెప్తున్నానంటే, మా కొంప ముంచింది ఈ పద్ధతే.

పోయినేడు ఏప్రిల్‌లో, వేట నిషేధం పెట్టిన రోజుల్లో నాకు మొదలైంది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, చేపలు లేవు, గంప మోసే పని లేదు, అయినా ఆయాసం. బిందెడు నీళ్ళు తెస్తే గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. పడుకుంటే ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుండి లేచి కూర్చునేదాన్ని. పాలెంలో ప్రతి ఒక్కరూ డాక్టరే. ఒకామె గ్యాసు అంది, ఇంకొకామె దిష్టి అంది, మూడో ఆమె ముట్లు ఆగే వయసులో అందరికీ ఇంతే అంది. సోడాలు తాగాను, వాము నమిలాను, దిష్టి తీయించుకున్నాను. కాళ్ళు వాచి మెట్టెలు వేళ్ళలోకి దిగబడిపోయాక శీనయ్య భయపడ్డాడు. థర్మల్ కంపెనీ వ్యాను డ్రైవరు, ముక్కూ మొహం తెలియనివాడు, నన్ను చూసి బండి ఆపి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నెల్లూరులో ఆసుపత్రి గేటు దగ్గర దించాడు. ఆ రోజు నాతో మంచిగా మాట్లాడిన మొదటి మనిషి అతనే.

ఆసుపత్రిలో జనరల్ ఓపీ వరండా ఒక నరకం. రెండు ఫ్యాన్లు, వాటి కింద చోటు పట్టుకున్నవాళ్ళు చచ్చినా లేవరు. మిగతావాళ్ళం గోడవారన నేల మీద. నాకు తోడుగా వదిన వచ్చింది. నా చీటీ పట్టుకుని, నన్ను చూడమని నర్సమ్మలతో పోట్లాడి, అటూ ఇటూ తిరుగుతోంది. పెద్ద డాక్టరు పిలిచి నన్ను చూసి, ఎకో తీయించి, గుండె పంపింగ్ బాగా తగ్గిపోయింది, ఒంట్లో నీరు చేరింది అన్నాడు. అని ఊరుకోకుండా పక్కన నిలబడ్డ వదిన కాళ్ళ వంక చూశాడు.

"ఈమె కాళ్ళు ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉన్నాయి?"

"నాకేం లేదు సారూ, నిలబడే పని గదా, ఏడాదిగా ఇట్టనే ఉండాయి" అంది వదిన.

ఆమెకూ ఎకో తీశారు. నా కన్నా ఆమెదే హీనంగా ఉంది. తోడొచ్చిన మనిషి పేషెంటై మంచం ఎక్కింది. పక్క పక్క మంచాల మీద పడుకుని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. "చూసినావా మే, దీంట్లో కూడా నిన్ను వొంటరిగా ఒదల్లా" అంది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

నీరు దిగి ఇంటికొచ్చాం. ఉప్పు మానేయమన్నారు. ఎవరికి చెప్తున్నారో చూడండి, ఉప్పులో చేతులు నానబెట్టుకుని బతికేవాళ్ళకు! నేను ప్రాణభయంతో మానేశాను. చప్పిడి కూడు తింటుంటే ఏడుపొచ్చేది, అయినా తిన్నాను. వదిన కూరలో మానేసింది గానీ చేపలు ఉప్పులో ఊరేసే తొట్టి దగ్గర మానలేదు. చేప తీసి నాలుకకు తగిలించకుండా ఉప్పు పట్టిందో లేదో తెలియదంటుంది. నేను అరిస్తే "నాలిక్కి తగిలితేనే గుండెకు పోద్దా, పోవే" అని కసిరేది.

జులైలో మళ్ళీ చూపించుకోవడానికి పోతే, పెద్ద డాక్టరు మమ్మల్ని లోపల వేరే గదిలోకి పంపించాడు. అక్కడ ఏసీ ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి, టీ ఇచ్చారు. సుహాసిని అని ఒక చిన్నమ్మాయి, పరిశోధన పని చూసేది, మా ముందు కూర్చుని ఓపిగ్గా చెప్పింది. ఈ జబ్బుకు కొత్త మందొకటి వచ్చింది, అది పనిచేస్తుందో లేదో చూస్తున్నారు. ఇప్పుడు వాడే మందులు వాడుతూనే దాన్ని అదనంగా వేసుకోవాలి. అయితే చేరినవాళ్ళలో కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అట్లాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికి ఏది పడిందో మాకూ తెలియదు, ఆ పిల్లకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

"అయితే అడుగున యేముందో తెలీకుండా కుప్ప పాడుకున్నట్టు గదమ్మా" అంది వదిన.

సుహాసినికి అర్థం కాక నా వైపు చూసింది. నేను విప్పి చెప్తే నవ్వింది. "అచ్చం అంతే అమ్మా. కానీ ఎవరి డబ్బా వాళ్ళదే, సరేనా? మార్చుకోకూడదు" అంది. ఇద్దరం బుర్రలూపాం. శీనయ్య ఆ రోజు వేటలో ఉన్నాడు, ఈ మాట ఆయన చెవిన పడలేదు. మాకు కూడా ఇంటికొచ్చి చెప్పాలని తోచలేదు. ఎవరి మాత్ర వాళ్ళు మింగుతారు, దీంట్లో మొగాడికి చెప్పేదేముంది అనుకున్నాం. ఆ పిల్ల కుప్ప సంగతి విని నవ్వకుండా, కలిపేది ఎట్లాగో ఇంకో ముక్క అడిగి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆగస్టు వచ్చేసరికి నేను తేలికపడ్డాను. కాళ్ళు మామూలయ్యాయి, రెండు తలగడల మీద పడుకోగలిగాను, రేవుకు పోయి పాట పాడొచ్చాను. వదిన మాత్రం అట్లాగే ఉంది. వాపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఆగి ఊపిరి పీల్చుకునేది. ఇక పాలెం ఊరుకుంటుందా? "రవణమ్మకు అసలు మందు పడింది, పాపం బుజ్జమ్మకు పిండి మాత్ర పడింది" అని తీర్పు చెప్పేశారు. పంపు దగ్గర, రేవులో, ఎక్కడ చూసినా ఇదే మాట. ఒకామె నా మొహం మీదనే "నీ అదృష్టంలే" అంది, నేనేదో వదిన నోటి దగ్గరిది లాక్కున్నట్టు.

శీనయ్య కూడా ఇవన్నీ విన్నాడు. ముంగిట్లో మంచం మీద కూర్చుని అక్క వైపు చూసేవాడు, తర్వాత నా వైపు చూసేవాడు. నేను చురుగ్గా లేచి తిరగడం కూడా ఆయన కళ్ళకు నేరంలా కనబడుతోందేమో అనిపించి నెమ్మదిగా నడిచేదాన్ని. నిజం చెప్తున్నాను, బాగుపడినందుకు సిగ్గుపడ్డాను. జబ్బు చేసి లేచిన మనిషికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది చెప్పండి!

అక్టోబర్‌లో వానలు పట్టుకున్నాయి. నాకు జలుబూ జ్వరమూ వచ్చి, దాంతో పాటే ఆయాసం తిరగబెట్టింది. ఈసారి ముందుకన్నా గట్టిగా. నెల్లూరు దాకా ఆగనని భయపడి, ఆటోలో ముందు గూడూరు తీసుకుపోయి, అక్కడ ఇంజక్షను చేయించి నెల్లూరు చేర్చారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, మంచం పక్కన సుహాసిని. ఆ పిల్ల డ్యూటీ కాకపోయినా వచ్చి నా జడ పక్కకు తీసి, వెనక తలగడ సర్దింది. సర్దుతూనే శీనయ్యను అడిగింది.

"మాత్రలు రోజూ సరిగ్గానే వేసుకుంటున్నారా అన్నా?"

"వేసుకుంటాండారమ్మా ఇద్దరూ. నేనే పంచి పెడతాండాను గదా" అన్నాడు.

"పంచి పెట్టడమేంటి?"

"వీళ్ళు పనిమీద ఉన్నప్పుడు రెండు డబ్బాలూ చేటలో పోసి, కలిపి, మళ్ళా చెరిసగం డబ్బాల్లో పోస్తాండా. పాలెంలో ఆ మాట యిన్నాక మీరిచ్చిన ప్రతిసారీ అట్నే. ఒకరికి మంచిది, ఒకరికి ఉత్తది యెట్టమ్మా? ఇద్దరూ నా ఇంటోళ్ళే గదా."

ఆయన గొంతులో తప్పు చేసినవాడి భయం ఏ మాత్రం లేదు. రేవులో కుప్ప పంచిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. సుహాసిని చేతులు నా తలగడ మీదే ఆగిపోయాయి. నాకు అరవడానికి ఊపిరి లేదు. కళ్ళు మాత్రం తెరిచి ఆయన్ను చూశాను. నాతో ఒక్క మాట అనకుండా, నా డబ్బాలో చెయ్యి పెట్టి, నా ప్రాణం సగం తీసి అక్కకు పోసేశాడు. ఆ మంచం మీద నాకు తోచింది అదొక్కటే.

పెద్ద డాక్టరు వచ్చి, నాకు తిరగబెట్టింది జ్వరం వల్ల కావచ్చు, మాత్రలు కలపడం వల్లనే అని చెప్పలేం అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: మీ ఇద్దరి వివరాలూ ఇక దేనికీ పనికిరావు, మిమ్మల్ని పరిశోధనలోంచి తీసేస్తున్నాం. మిగిలిన మాత్రలు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. కోపంగా అనలేదు, కసిరీ అనలేదు. చేపల్లోంచి పీతను తీసి పక్కన పడేసినంత తేలిగ్గా అన్నాడు. ఒకే ముంగిట్లో బతికే ఇద్దరు ఆడవాళ్ళకు, పంచుకునే వ్యాపారం చేసేవాళ్ళకు, వేరు వేరు డబ్బాలిచ్చి పంపితే ఏం జరుగుతుందనుకున్నారో ఆ మహానుభావులు! అడగాలనుకున్నాను. ఆక్సిజన్ తీసేశాక అడిగాను కూడా. "రూల్సు ముందే చెప్పాం కదమ్మా" అన్నాడు. చెప్పారు. ఎవరు కాదన్నారు?

ఆ తర్వాత మాకు ఏసీ గది లేదు, మళ్ళీ వరండాలో నేల మీదే. మామూలు మందులు రాసిచ్చారు. సుహాసిని మాత్రం ఓపీ రోజుల్లో లోపలి నుంచి ఒక కుర్చీ మోసుకొచ్చి వదిన కోసం ఫ్యాను కింద వేసేది. ఎవరైనా గొణిగితే వినబడనట్టు పోయేది. ఆ పిల్ల కడుపు చల్లగా ఉండాలి.

మాత్రలు కలిపిన సంగతి వదినకు నేనే చెప్పాను. ఊపిరి అందక ఆగి ఆగి తమ్ముణ్ణి తిట్టిన తిట్లు అన్నీ ఇక్కడ రాయలేను. "ఒరే సచ్చినోడా, దాని మందు తీసి నాకు పెడితివా? నేను అడిగినానా నిన్ను? రేపు అదేమన్నా అయితే నీకు గంజి కాసి పోసేది యెవురురా?" అని చేతికందిన చెంబు విసిరింది. శీనయ్య తల వంచుకుని చెంబు తీసి యథాస్థానంలో పెట్టాడు.

డిసెంబర్‌లో, తుఫాను వెళ్ళిపోయి ఎండ కాసిన ఒక పొద్దున, ముంగిట్లో గోడకానుకుని కూర్చున్నది కూర్చున్నట్టే వదిన పోయింది. అంతకు కాసేపటి ముందే నన్ను పిలిచి "వాణ్ణి ఏమీ అనబాక మే. నేను పెంచిన పెంపకం అది" అంది. నేను సరేనన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేదు. పెద్ద దినం అయి, చుట్టాలు బస్సులెక్కాక, లోపల గూడు కట్టుకున్నదంతా బయటికొచ్చింది. "నన్ను కోసి మీ అక్కకు పెట్టినావు. ఆమె బతికిందా? లేదు. నేనైనా నిండుగా బతికినానా? లేదు" అన్నాను. ఆ రోజు నుంచి ఆయన కూడా చప్పిడి కూడే తింటున్నాడు. తినమని నేను చెప్పలేదు, వద్దనీ అనలేదు. ఎదురెదురుగా కూర్చుని ఉప్పు లేని కూడు తింటూ నెలలు గడిపాం. నాకు ఆ కోపమే ఆసరాగా ఉండేది, పొద్దున్నే దాన్ని పట్టుకునే లేచేదాన్ని.

ఈ వేసవిలో సుహాసిని ఫోను చేసింది. పరిశోధన ముగిసింది, ఎవరికి ఏది ఇచ్చారో ఇప్పుడు తెలుసుకోవచ్చు, మధ్యలో తీసేసినవాళ్ళు కూడా అడగొచ్చు అంది. నేనొక్కదాన్నే పోయాను. నా అనుమానం రుజువు చేసుకుని వచ్చి ఆయన ముందు పెట్టాలని పోయాను, దాచేదేముంది.

ఆ పిల్ల కంప్యూటర్ చూసి, నా వైపు తిరిగి, మెల్లగా చెప్పింది.

"మీది మందు లేని మాత్ర అమ్మా."

నేను వినలేదనుకుని మళ్ళీ చెప్పింది. వదినది ఏమిటని అడిగాను. ఆ పిల్ల లోపలికి పోయి పెద్ద డాక్టరును అడిగి వచ్చింది.

"బుజ్జమ్మగారిది అసలు మందు."

"మరి నేనెట్టా కోలుకున్నానమ్మా?"

"మీరు ఉప్పు మానేశారు, మామూలు మందులు ఒక్క పూట కూడా తప్పలేదు. కొంతమందికి వాటితోనే బాగవుతుంది."

"మా వదిన తన డబ్బా తనే వేసుకుని ఉంటే?"

"చెప్పలేమమ్మా. ఆమె గుండె అప్పటికే చాలా బలహీనంగా ఉంది. ఆ మందు వల్లనే అన్నాళ్ళు ఉందేమో, అదీ చెప్పలేం. నిజంగా ఎవరూ చెప్పలేరు" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు రాలేదు.

అంటే ఆయన అక్కను బతికించుకోవాలని, అక్క డబ్బాలోని అసలు మందు సగం తీసి నాకు పోశాడు. నా డబ్బాలోని ఉత్త మాత్రలు సగం తీసి ఆమెకు పోశాడు. నేనేమో నా మందు దొంగిలించాడని ఆయన్ను ఇన్నాళ్ళూ మాటలతో పొడిచి పొడిచి పెట్టాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడం ఎంత చెడ్డ బాధో ఆ రోజు తెలిసింది. కోపానికి మనిషి దొరకాలి. నాకు ఉన్న ఒక్క మనిషీ చేజారిపోయాడు.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ఆయాసాన్ని గ్యాసు అనుకోవద్దు. ఒకరి మాత్ర ఇంకొకరికి, ప్రాణంతో సమానమైనవాళ్ళకైనా సరే, పెట్టొద్దు. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ డాక్టరు ముందు కూర్చోబెట్టి ఆ మాట వినిపించండి. మా పాలెంవాళ్ళెవరైనా ఇది చదివి, పేర్లు మార్చినా గుర్తుపట్టి, శీనయ్య చెవిన వేశారో, నా నోరు ఎట్లాంటిదో మీకు తెలుసు. ఆయనకు చదవడం రాదు. అది ఆయన అదృష్టం.

ఆ రోజు నేను ఇల్లు చేరేసరికి ఆయన ముంగిట్లో నిలబడే ఉన్నాడు. గడప ఎక్కనివ్వలేదు.

"ఏమన్నారు? మందు యెవురిది?"

చెప్పాలంటే ఒక్క మాట. నాలుక చివరి దాకా వచ్చింది.

"నాదే" అన్నాను.

ఆయన అక్కడికక్కడే కూలబడి నా కాళ్ళు పట్టుకున్నాడు. "నిన్ను చంపబోయినానే రవణా, నన్ను క్షమించే" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. సరేలే, అయిందేదో అయింది, లేవమన్నాను. చాలాసేపటికి తేరుకుని, కండువాతో మొహం తుడుచుకుని, నా వైపు చూశాడు.

"పోనీలే. మా అక్క సగమన్నా మంచి మందు తినింది గదా?"

"తినింది" అన్నాను.